నాలుక మీద చోటు మారే ఎర్రమచ్చలు: ఏది వదిలేయాలి, ఏది చూపించుకోవాలి

అమ్మా, మీరు అడిగినదానికి ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను, వివరాలు తర్వాత మాట్లాడుకుందాం. మీరు రాసిన తీరు చూస్తే ఇది క్యాన్సర్ కాదు, ఎవరికీ అంటుకునేది కాదు, మీ వంట వల్లో పెంపకం వల్లో వచ్చింది అస్సలు కాదు. అయిదేళ్ల బాబు, నాలుక మీద ఎర్రగా నున్నగా మచ్చలు, చుట్టూ తెల్లటి అంచు, సోమవారం కుడిపక్కన ఉన్నది గురువారానికి మధ్యలోకి వచ్చేసింది, ఆటలకీ నిద్రకీ ఏ లోటూ లేదు కానీ చారన్నం పెడితే మాత్రం మండుతోందని నీళ్లు తాగుతున్నాడు, మెడికల్ షాపులో ఇచ్చిన మౌత్ పెయింట్ పది రోజులు పూసినా ఏం తేడా లేదు, ఇదంతా జియోగ్రాఫిక్ టంగ్ లక్షణమే. డాక్టర్ల చీటీలో బినైన్ మైగ్రేటరీ గ్లాసైటిస్ అని రాస్తారు, ఆ పెద్ద పేరు చూసి మళ్లీ కంగారు పడకండి, రెండూ ఒకటే.

నేను డెంటల్‌లో ఓరల్ మెడిసిన్ చేశాను, నోటిలోపల వచ్చే ఇలాంటి మచ్చలు, పుళ్లు, మంటలు చూడటమే నా పని, చాలా ఏళ్లుగా అదే చేస్తున్నాను. మీలా రాత్రంతా యూట్యూబ్ చూసి పొద్దున్నే ఏడుపు మొహంతో వచ్చే తల్లులు నాకు కొత్త కాదు, అందుకే కొంచెం ఓపిగ్గా రాస్తున్నాను, మీరూ ఓపిగ్గా చదవండి.

ఇవాళ సాయంత్రం వెలుతురు ఉండగా బాబుని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఫోన్ టార్చ్ కాస్త పక్కనుంచి వేసి నాలుక చూడండి. మామూలుగా నాలుక పైభాగమంతా సన్నటి నూగులాంటిది ఉంటుంది, వాటిని ఫిలిఫాం పాపిల్లే అంటారు, వాటి వల్లే నాలుక కొంచెం గరుగ్గా, లేత తెలుపు కలిసిన గులాబీ రంగులో కనిపిస్తుంది. ఈ కండిషన్‌లో ఏమవుతుందంటే కొన్ని చోట్ల ఆ నూగు రాలిపోతుంది, వెల్వెట్ బట్ట మీద ఒకచోట నూగు అరిగిపోతే కింద గుడ్డ ఎలా బయటపడుతుందో అలా, అందుకే అక్కడ ఎర్రగా నున్నగా ఉంటుంది. ఆ ఎర్రటి చోట అక్కడక్కడా ఇంకా ఎర్రగా ఆవగింజంత చుక్కలు కనిపిస్తాయి, అవి చూసి పొక్కులు అనుకుంటారు, కాదు, అవి ఫంగిఫాం పాపిల్లే, రుచి తెలిసేది వాటిలో, అవి ఊడిపోవు. అందుకే బాబుకి రుచులు మామూలుగానే తెలుస్తున్నాయి. ఇప్పుడు అంచు చూడండి, మచ్చ చుట్టూ తెల్లగానో లేత పసుపుగానో వంకరటింకరగా, కొంచెం ఉబ్బెత్తుగా ఒక గీత ఉంటుంది, కొన్నిచోట్ల పూర్తి గుండ్రంగా కాకుండా సగంలో ఆగిపోతుంది. ఆ అంచు ఉన్న వైపుకే మచ్చ రేపు జరుగుతుంది, వెనకవైపు మళ్లీ నూగు మొలుస్తుంది. ఇలా ఒకపక్క మానుతూ ఇంకోపక్క వస్తూ ఉంటుంది కాబట్టే మీకు అది నాలుక మీద తిరుగుతున్నట్టు అనిపిస్తోంది.

మీరు భయపడుతున్నదే ఆ తిరగడం చూసి కదా, ఒకచోట తగ్గి ఇంకోచోట వస్తోంది అంటే లోపల ఏదో పాకుతోంది అని. నిజానికి దాన్ని చూసే నాకు ధైర్యం వస్తుంది. నోటిలో ప్రమాదకరమైనవి ఇలా ఉండవు, అవి పుట్టినచోటే ఉంటాయి, అక్కడే పెరుగుతాయి, గట్టిపడతాయి, వారాలు గడిచినా మానవు. నాలుగు రోజులకి ఆ చోటు తనంతట తానే మానిపోయి మళ్లీ మామూలు నాలుక అయిపోయింది అంటే అక్కడ కణాలు బాగానే ఉన్నాయి, కొత్త నూగు పుట్టించగలుగుతున్నాయి అని అర్థం. అందుకని మీకొక పని చెప్తాను, వారం రోజులపాటు రోజూ ఒకే టైంకి, ఒకే వెలుతురులో, బ్రష్ చేయకముందు ఒక్క ఫోటో తీయండి. ఒక్కటే, రోజుకి పదిసార్లు వద్దు. వారం చివర వరుసగా పెట్టి చూస్తే మీకే తెలిసిపోతుంది, డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు కూడా ఆ ఫోటోలే అన్నిటికన్నా బాగా పనికొస్తాయి, ఎందుకంటే మీరు వెళ్లిన రోజుకి నాలుక మామూలుగా ఉండొచ్చు.

ఎందుకు వస్తుంది అంటే ఇదీ కారణం అని తేలలేదు. నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా జనంలో ఉంటుంది, చిన్నపిల్లల్లోనూ ఉంటుంది పెద్దవాళ్లలోనూ ఉంటుంది. కొన్ని కుటుంబాల్లో ఎక్కువ కనిపిస్తుంది. అందుకే పిల్లల్ని తీసుకొచ్చినప్పుడు నేను అమ్మానాన్నల్ని కూడా నాలుక చాపమంటాను, మొహమాటపడుతూ చాపుతారు, ఒక్కోసారి తండ్రి నాలుక మీద అచ్చం అలాంటి మచ్చే ఉంటుంది, ఆయనకి అన్నేళ్లుగా తెలియదు, ఆవకాయ తిన్నప్పుడు కొంచెం చురుక్కుమంటుంది అంతే అంటాడు. అది చూశాక తల్లి మొహంలో సగం భయం అక్కడే పోతుంది. మీవారి నాలుక కూడా ఒకసారి టార్చ్ వేసి చూడండి. అలాగే నాలుక మీద లోతుగా గీతలు, చీలికల్లా ఉండేవాళ్లలో ఇది ఎక్కువ, దాన్ని ఫిషర్డ్ టంగ్ అంటారు, అదీ ప్రమాదం లేనిదే, కాకపోతే ఆ గీతల్లో అన్నం మెతుకులు ఇరుక్కుంటే వాసన వస్తుంది కాబట్టి తిన్నాక నీళ్లు పుక్కిలించాలి.

ఇంకోటి సోరియాసిస్ అనే చర్మవ్యాధి. ఇంటర్నెట్‌లో ఈ రెండూ పక్కపక్కన కనిపించేసరికి చాలామంది బెదిరిపోతారు. సోరియాసిస్ ఉన్నవాళ్లలో జియోగ్రాఫిక్ టంగ్ కొంచెం ఎక్కువగా ఉంటుంది, మైక్రోస్కోప్ కింద కూడా రెండూ కాస్త ఒకలాగే ఉంటాయి, అది నిజమే. కానీ జియోగ్రాఫిక్ టంగ్ ఉన్న ఎక్కువమందికి సోరియాసిస్ ఉండదు. బాబు మోచేతులు, మోకాళ్లు, తల మాడు ఒకసారి చూడండి, అక్కడ మందంగా పొట్టు రాలే ఎర్రటి మచ్చలు ఉంటే స్కిన్ డాక్టర్‌కి చూపించండి, లేకపోతే ఆ మాట మర్చిపోండి.

మీ అత్తగారు వేడి చేసింది అన్నారని, సబ్జా గింజలు, మజ్జిగ ఇస్తున్నారని రాశారు. మజ్జిగ తాగితే నాలుకకి హాయిగా ఉంటుంది, మానేయక్కర్లేదు, పెద్దావిడ ప్రేమగా ఇస్తున్నారు ఇవ్వనివ్వండి. కానీ వేడి వల్ల వచ్చింది అనుకుని ఎండాకాలం అంతా మామిడిపండు, గుడ్డు, చికెన్ అన్నీ ఆపేయడం మాత్రం వద్దు, ఎదిగే పిల్లాడు, వాడి నాలుక కోసం వాడి కడుపు మాడ్చొద్దు. తేనెలో వెలిగారం కలిపి పూయమని ఎవరైనా చెప్తే అస్సలు పూయొద్దు, వెలిగారం అంటే బోరాక్స్, పిల్లలు మింగితే విషమే. ఇంట్లో ఏడాది లోపు పాప గానీ బాబు గానీ ఉంటే తేనె కూడా నాకించొద్దు, ఆ వయసులో తేనె వల్ల బొటులిజం అనే ప్రమాదం ఉంది, ఇది చాలా ఇళ్లల్లో తెలియదు కాబట్టి పనిలో పనిగా చెప్తున్నాను.

మౌత్ పెయింట్ సంగతికొస్తే, అందులో ఉండేది క్లోట్రిమజోల్ అనే ఫంగస్ మందు. ఫంగస్ అయితే పెరుగు తరకల్లాంటి తెల్లటి పూత ఉంటుంది, మెత్తటి తడిగుడ్డతో తుడిస్తే ఊడి వస్తుంది, కింద ఎర్రగా కనిపిస్తుంది. చంటిపిల్లల్లో, ఎక్కువ రోజులు యాంటీబయాటిక్స్ వాడినవాళ్లలో, ఆస్తమా ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించనివాళ్లలో, షుగర్ కంట్రోల్‌లో లేని పెద్దవాళ్లలో వస్తుంది. మీ బాబుకున్న తెల్లటి అంచు తుడిస్తే పోయేది కాదు. కాబట్టి ఆ పెయింట్ ఆపేయండి. బీకాంప్లెక్స్ సిరప్ కూడా నాలుక ఎర్రగా కనపడగానే అందరూ రాసేస్తారు, లోపం ఉంటేనే దానికి పని. లోపం ఉన్న నాలుక వేరేగా ఉంటుంది, మచ్చలు మచ్చలుగా కాకుండా నాలుక మొత్తం నున్నగా అయిపోతుంది, బీ12 తక్కువైతే ఎర్రగా పుండులా నొప్పిగా, ఐరన్ తక్కువైతే పాలిపోయి ఉంటుంది. దానితోపాటు పిల్లాడు నీరసంగా ఉండటం, ఆయాసం, బలపాలు, మట్టి, పచ్చిబియ్యం తినడం లాంటివి ఉంటే అప్పుడు రక్తపరీక్ష చేయించాలి. అవేవీ లేకుండా ఊరికే నాలుక మచ్చ కోసం అయిదు వేల రూపాయల ప్యాకేజీ టెస్టులు, స్కాన్లు, చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ అవసరం లేదు. తెలిసిన డాక్టర్ కళ్లతో చూసి చెప్పేస్తారు, ఒక్కోసారి ఒక నిమిషం పని.

స్కూల్లో మిస్ వేరే పిల్లలకి అంటుకుంటుందేమో, డాక్టర్ లెటర్ తెచ్చేదాకా పంపొద్దు అన్నారని రాశారు. ఆవిడ్ని తప్పు పట్టలేం, ఎల్‌కేజీ యూకేజీ పిల్లల్లో హ్యాండ్ ఫుట్ అండ్ మౌత్ అని ఒక వైరస్ వస్తుంది, దానిలో జ్వరం, నోట్లో నొప్పిపుళ్లు, అరచేతుల్లో అరికాళ్లలో పొక్కులు ఉంటాయి, అది గబగబా అంటుకుంటుంది, వాళ్లు భయపడేది దానికి. మీ బాబుకి జ్వరం లేదు, చేతులకీ కాళ్లకీ ఏం లేదు. దగ్గర్లో ఉన్న పిల్లల డాక్టర్ దగ్గరికో డెంటల్ కాలేజీలో ఓరల్ మెడిసిన్ డిపార్ట్‌మెంట్‌కో వెళ్లి, ఇది జియోగ్రాఫిక్ టంగ్, అంటువ్యాధి కాదు, స్కూల్‌కి రావచ్చు అని రెండు ముక్కలు రాయించుకోండి, ఐసీడీ కోడ్, అంటే జబ్బుకి డాక్టర్లు రాసే అంతర్జాతీయ నంబర్ అడిగితే కే14.1. డెంటల్ కాలేజీల్లో ఓపీ ఖర్చు కూడా తక్కువ, చాలామందికి ఈ డిపార్ట్‌మెంట్ ఉందనే తెలియదు, అక్కడ రోజూ చూసేదే ఇది.

ఇక మంట. మచ్చ ఉన్నచోట పైపొర పల్చబడి ఉంటుంది కాబట్టి కారం, పులుపు, వేడి మూడూ తగులుతాయి. మన వంటలో ఈ మూడూ ఒకే కంచంలో ఉంటాయి, పొగలు కక్కే చారు అయితే మూడూ ఒకే ముద్దలో. కాబట్టి చారు మానేయక్కర్లేదు, చల్లారనిచ్చి, కాస్త నెయ్యి వేసి, ముందు రెండు ముద్దలు పప్పన్నం తిన్నాక పెట్టండి. మచ్చలు ఎక్కువగా ఉన్న రోజుల్లో గోంగూర, టమాటా పచ్చడి, నిమ్మకాయ, పైనాపిల్, కుర్‌కురేలాంటి మసాలా చిప్స్ పక్కన పెట్టండి, తగ్గాక మళ్లీ తినొచ్చు. ఏది తింటే మండుతోందో పిల్లాడికి పిల్లాడికి తేడా ఉంటుంది, మీ బాబుకి ఏది పడట్లేదో మీరే చూసుకోవాలి, నేను ఇక్కడ కూర్చుని లిస్టు ఇస్తే మీరు అనవసరంగా అన్నీ ఆపేస్తారు. మండినప్పుడు చల్లటి నీళ్లకన్నా ఒక గుక్క చల్లటి పాలు గానీ పెరుగు గానీ తొందరగా పనిచేస్తుంది, కారంలో ఉండే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, పాలు దాన్ని పట్టుకుపోతాయి.

టూత్‌పేస్ట్ కూడా చూడండి. ఘాటుగా పుదీనా, లవంగం, దాల్చిన చెక్క ఫ్లేవర్ ఉన్నవి, నురగ బాగా వచ్చేవి ఇలాంటి నాలుకని చురుక్కుమనిపిస్తాయి. పిల్లల ఫ్లోరైడ్ పేస్ట్, తక్కువ ఘాటుది, అయిదేళ్లవాడికి బఠాణీగింజంత చాలు. అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది టంగ్ క్లీనర్ గురించి. మచ్చ కనపడగానే అది మురికి అనుకుని, ఇత్తడిదో రాగిదో గీకుడుబద్దతో, పల్లెల్లో అయితే వేపపుల్ల చీల్చి దానితో, రక్తం వచ్చేలా గీకేస్తారు. అసలే నూగు రాలి పల్చగా ఉన్నచోట అలా గీకితే మంట పెరగడం తప్ప జరిగేదేం లేదు. మెత్తటి బ్రష్‌తో పైపైన ఒకసారి రాస్తే చాలు, మచ్చలు ఎక్కువున్న రోజు అదీ వద్దు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ చిన్నపిల్లలకి ఎలాగూ వాడకూడదు.

పూర్తిగా పోయే మందు ఉందా అని చివర అడిగారు. లేదు, పోగొట్టాల్సిన అవసరమూ లేదు. వారాలు, నెలలు కనపడకుండా పోయి మళ్లీ రావచ్చు, పరీక్షల టైంలో ఒత్తిడి ఉన్నప్పుడు, ఒంట్లో బాలేనప్పుడు ఎక్కువైందని కొందరు చెప్తారు. పెద్దవాళ్లలో తిండి తినలేనంత మంట ఉంటే నోట్లో పూసే స్టిరాయిడ్ పేస్ట్ గానీ, తిమ్మిరెక్కించే జెల్ గానీ కొన్ని రోజులకి ఇస్తాం, అది డాక్టర్ చూసి ఇవ్వాల్సింది, మీ బాబుకున్న కాస్త మంటకి అవేం వద్దు. ఆన్‌లైన్‌లో నాలుక డీటాక్స్ అని, పేగులు శుభ్రం చేసే పొడి అని వేలకి వేలు పెట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. మచ్చ ఎలాగూ వారంలో తనంతట తానే జరుగుతుంది కాబట్టి ఆ పొడి పనిచేసినట్టే కనిపిస్తుంది, తర్వాత మళ్లీ వస్తే ఇంకో డబ్బా కొనమంటారు. ఆ డబ్బుతో పిల్లాడికి పళ్లు కొనిపెట్టండి.

అయితే ఇది చదివిన వాళ్లందరూ నాలుక మీద ఏం వచ్చినా పర్లేదు అనుకోకూడదు, అందుకే ఇది కూడా రాస్తున్నాను. పిల్లల్లో అయిదు రోజులుగా తగ్గని జ్వరం, నాలుక మొత్తం స్ట్రాబెర్రీలా ఎర్రగా బుడిపెలు బుడిపెలుగా, కళ్లు ఎర్రబడి, పెదాలు పగిలి, ఒంటి మీద దద్దు, చేతులు కాళ్లు వాచి ఉంటే అది కవాసకీ జబ్బు కావచ్చు, గుండె రక్తనాళాలకి ప్రమాదం, ఆ రోజే పిల్లల డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. గొంతునొప్పి, జ్వరంతో అలాంటి నాలుక, ఒంటి మీద గరుకు దద్దు వస్తే స్కార్లెట్ ఫీవర్ అవ్వొచ్చు, దానికి యాంటీబయాటిక్ కావాలి. వీటిలో జ్వరం తప్పకుండా ఉంటుంది, మచ్చలు తిరగవు.

పెద్దవాళ్ల విషయంలో అయితే రెండు వారాలు దాటినా మానని పుండు, ముఖ్యంగా నాలుక పక్క అంచున, వేలితో తడిమితే గట్టిగా గడ్డలా తగిలేది, నొప్పి లేకపోయినా సరే, తుడిస్తే పోని తెల్లమచ్చ, ఒకేచోట ఉండిపోయిన ఎర్రమచ్చ, మెడలో గడ్డ, ఇవి ఏవైనా ఉంటే ఆగకండి. ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ, చుట్ట అలవాటు ఉంటే ఇంకా తొందరగా చూపించుకోవాలి. గుట్కా వక్కపొడి నమిలేవాళ్లకి కూడా కారం తింటే నోరు మండుతుంది, దాన్ని ఇలాంటి మచ్చే అనుకుని వదిలేస్తారు, కానీ వాళ్లకి బుగ్గలు లోపల గట్టిపడి నోరు తెరవడం తగ్గుతూ వస్తుంది, మీ చేతి మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పట్టకపోతే అది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ కావచ్చు, అది క్యాన్సర్‌కి దారితీసే జబ్బు. మన శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్లు చుట్ట నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగుతారు కదా, వాళ్లకి అంగిలి మీద తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు, పుళ్లు వస్తాయి, అంగిలి క్యాన్సర్ అక్కడ ఎక్కువ కావడానికి అదే కారణం. మీ ఊళ్లో అమ్మమ్మలు ఎవరైనా తాగుతుంటే టార్చ్ వేసి పైన అంగిలి ఒకసారి చూడండి, మీ బాబు నాలుక కన్నా అది వెయ్యిరెట్లు ముఖ్యం.

ఇంకో మాట, ఇప్పుడు నాలుక చూడటం అలవాటైంది కాబట్టి మీరు అద్దంలో మీ నాలుక కూడా చూసుకుంటారు, వెనకవైపు వీ ఆకారంలో వరసగా పెద్ద పెద్ద గుండ్రటి బుడిపెలు కనిపిస్తాయి, ఎనిమిదో పన్నెండో ఉంటాయి, పక్కల వెనక అంచున మడతల్లా కొన్ని ఉంటాయి. అవి అందరికీ పుట్టుకతో ఉండేవే, రెండు పక్కలా ఒకేలా ఉంటాయి. వాటిని చూసి గడ్డలని గోలపెట్టుకుని వచ్చేవాళ్లు వారానికి ఒకరైనా ఉంటారు. అలాగే యాంటీబయాటిక్స్ వాడాక, టీ సిగరెట్ ఎక్కువ అయినప్పుడు నాలుక నల్లగా వెంట్రుకలు మొలిచినట్టు అవుతుంది, చూడటానికి భయంగా ఉంటుంది కానీ అది కూడా ఆ నూగు పొడవు పెరిగి రంగు పట్టడమే, శుభ్రంగా బ్రష్ చేస్తూ కారణం మానేస్తే పోతుంది.

బాబు దగ్గర మాత్రం దీన్ని పెద్ద జబ్బులా మాట్లాడకండి. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ ఏదీ నాలుక చాపు నాన్నా అని చూపిస్తుంటే ఆ వయసు పిల్లలు నోరు తెరిచి నవ్వడం మానేస్తారు, నేను చూశాను అలాంటి పిల్లల్ని, పదేళ్లు వచ్చాక కూడా ఐస్‌క్రీం అందరిముందు నాకరు. నీ నాలుక మీద బొమ్మలు మారుతుంటాయి, నొప్పేం కాదు, మండితే అమ్మకి చెప్పు అంటే వాడికి చాలు.

నేను చెప్పిన ఆ వారం ఫోటోలు ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి, డాక్టర్ రాసిచ్చిన కాగితం ఫోటో కూడా అందులోనే పెట్టండి. రేపు ఊరు మారినా, వేరే డాక్టర్ దగ్గరికి జలుబుకో పన్నుకో వెళ్లినా నాలుక చూసి మళ్లీ కొత్తగా ఫంగస్ మందు మొదలుపెట్టకుండా అది చూపించండి. పది రోజులు దాటినా ఒకే మచ్చ ఒకేచోట కదలకుండా ఉందనో, మంటకి అన్నం మానేస్తున్నాడనో, బరువు తగ్గుతున్నాడనో అనిపిస్తే ఆ ఫోటోలు ఇక్కడ పెట్టి నాకు రాయండి, చూసి చెప్తాను, కానీ దానికోసం ఆగకుండా డాక్టర్ దగ్గరికి కూడా తీసుకెళ్లండి.